హక్కులును ఉపకారములును



ప్రభుత్వము మన విద్యార్థులకు ఉపకారవేతనములును, బీదలకు బియ్యమును ఇచ్చుచుండగా వాక్స్వాతంత్ర్యముతో మనకేమి పని యని కొందరనుచున్నారు. ఈ మాట విచారింపదగినది.

1975 జూన్ నెలలో అత్యవసర పరిస్థితి ప్రకటింపబడెను. జూలై 1వ తేదీన బీదల మేలుకొరకని ఇరువది సూత్రముల కార్యక్రమము వెలువడెను. 1976లో, నిర్బంధితుడు తన నిర్బంధమును ప్రశ్నించుచు వ్యాజ్యము వేయజాలడని సర్వోన్నత న్యాయస్థానమే తీర్పు చెప్పెను. మేలు చేసెదమన్నవారు కీడు చేసినను అడుగు దిక్కు లేకపోయెను.

2001లో రాజస్థానమున గోదాములలో ధాన్యము మూలుగుచుండగా ప్రజలు పస్తులుండిరి. ఒక పౌరహక్కుల సంఘము రాజ్యాంగపు 32వ అధికరణము క్రింద వ్యాజ్యము వేసెను. ప్రాథమిక పాఠశాలలలో పిల్లలకు వండిన అన్నమే పెట్టవలెనని నవంబరు 28వ తేదీన న్యాయస్థానమాజ్ఞాపించెను. అడుగు హక్కే అన్నము పెట్టించినది.

ఆకలిగొన్నవానికి హక్కులు మాత్రమే బోధించుట నిర్దయ. అన్నము పెట్టి నోరు మూయించుట అంతకంటె నిర్దయ. రాజ్యాంగపు మూడవ, నాలుగవ భాగములు రెండును సమతూకమున నుండవలెనని 1980లో మినర్వా మిల్సు వ్యాజ్యమున తేలినది.

కావున మన సంఘము వేతనములకై అర్జీలు వ్రాయుటతో తృప్తినొందరాదు. అర్జీ త్రోసివేయబడినచో 2005నాటి సమాచార హక్కు చట్టమునుబట్టి కారణమడుగుటను, రాజ్యాంగమును చదువుటను మన పిల్లలకు నేర్పవలెను. దయగా వచ్చినది దయ తప్పిన పోవును. హక్కుగా వచ్చినదానిని అడిగి నిలుపుకొనవచ్చును.