గుంటగలగరాకు: పెరట్లో పెంచండి, కామెర్లకు పరీక్ష చేయించండి



వార్డులో మీవాళ్లకు తోడుగా ఉన్న మీలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "సిస్టరమ్మా, కామెర్లకు గుంటగలగరాకు పసరు పోయొచ్చా?" ఈరోజు ఆ మొక్క గురించే నాలుగు మాటలు చెబుతాను.

గుంటగలగర చామంతి కుటుంబానికి చెందిన చిన్న మొక్క. సంస్కృతంలో భృంగరాజం అంటారు. వరి గట్ల మీద, కాలువల ఒడ్డున, ఎక్కడ తేమ ఉంటే అక్కడ దానంతటదే మొలుస్తుంది. ఆకులు ఎదురెదురుగా ఉండి, తాకితే గరుకుగా ఉంటాయి. పూలు చిన్నవి, తెల్లనివి. కాడను నలిపితే కాసేపటికి రసం నల్లబడుతుంది. అదే దీని గుర్తు.

ఈ మొక్కను పెంచడం తేలిక. విత్తనాలు చాలా సన్నగా ఉంటాయి. వెలుతురు తగిలితే బాగా మొలుస్తాయి కాబట్టి లోతుగా పాతకండి. మట్టిమీద చల్లి, చేత్తో అదిమి, నీళ్లు చిలకరించండి. జానెడు కొమ్మ నాటినా కణుపుల దగ్గర వేళ్లు వస్తాయి. వెడల్పాటి కుండీలో బాగా చివికిన పశువుల ఎరువు కలిపిన మట్టి పోసి, ఎండ తగిలేచోట ఉంచి, తేమ ఆరకుండా చూసుకోండి. పూత వచ్చాక పైభాగం కోసుకుంటే మళ్లీ చిగురిస్తుంది. ఆకును కడిగి, కొబ్బరినూనెలో కాచి తలకు రాసుకోవచ్చు. నెరిసిన జుట్టు నల్లబడుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. దీనితో చేసిన కాటుక పసిబిడ్డల కళ్లకు పెట్టవద్దు.

ఇక కామెర్ల సంగతి. మురుగు కలిసిన నీటివల్ల హెపటైటిస్ ఎ, ఇ అనే కామెర్లు వస్తాయి. అదే మురుగు కాలువ పక్కన కోసిన ఆకును పచ్చిగా నూరి పోస్తే, జబ్బు తెచ్చిన నీళ్లనే మళ్లీ తాగించినట్లు అవుతుంది. పొలం గట్టు ఆకుమీద పురుగుమందు ఉండొచ్చు.

"పసరు పోస్తే మా అన్నకు తగ్గింది కదా" అంటారు. నిజమే, తగ్గి ఉంటుంది. ఎ, ఇ రకాలు చాలామందిలో కొన్ని వారాలకు వాటంతటవే తగ్గుతాయి. పేరు పసరుకు వస్తుంది. ఈ ఆకు కాలేయానికి మేలు చేస్తుందని ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో కనిపించింది. అంతమాత్రాన మనిషి కామెర్లను నయం చేస్తుందని రుజువైనట్లు కాదు.

కామెర్లు ఒక్క జబ్బు కాదు, ఎన్నో జబ్బులకు గుర్తు. పిత్తనాళంలో రాయి అడ్డుపడినా, హెపటైటిస్ బి, సి ఉన్నా, సారా వల్ల కాలేయం చెడినా కళ్లు పచ్చబడతాయి. ఏదో తెలియాలంటే రక్తపరీక్ష, అవసరమైతే స్కానింగ్ చేయాలి. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఎంపిక చేసిన ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్షలు, మందులు ఉచితం. ఇంట్లో ఒకరికి బి రకం ఉందని తేలితే మిగతావారూ పరీక్ష చేయించుకుని, అవసరమైనవారు టీకా వేయించుకోవాలి.

ఈ కింది వాటిలో ఏది కనబడినా ఒక్కరోజు కూడా ఆగకండి:

- కామెర్లున్న మనిషి మత్తుగా పడుకోవడం, పొంతన లేకుండా మాట్లాడటం
- ఆగని వాంతులు, నెత్తుటి వాంతి, నల్లని విరేచనం
- చలిజ్వరంతో కడుపునొప్పి, తెల్లని సున్నంలాంటి విరేచనం
- గర్భిణికి కామెర్లు రావడం (ఇ రకం తల్లికీ బిడ్డకీ ప్రాణాపాయం)
- పుట్టిన మొదటిరోజే బిడ్డ పచ్చబడటం, బిడ్డ పాలు తాగకపోవడం

చేతికి వాతలు పెట్టించవద్దు. ముక్కులో పసరు పోయించవద్దు. నీళ్లు కాచి చల్లార్చి తాగించండి.

చివరిగా ఒక్క మాట. ఇప్పటికే పసరు పోసి ఉంటే దాచకండి. ఏ ఆకు, ఎన్నిరోజులు, ఎంత పోశారో డాక్టరుగారికి చెప్పండి. మీవాళ్లు బాగుపడాలనే పోశారని మాకు తెలుసు, మిమ్మల్ని ఎవరూ తిట్టరు. ఆ ఒక్క మాట చెబితే ఏ మందు ఇవ్వాలో, ఏది ఆపాలో మాకు తెలుస్తుంది.