పొరుగు రాజ్యములు: సంధియు వర్తకమును
(కరీంనగరు పట్టణమందలి యొక పఠన మందిరమున గావించిన యుపన్యాసము)



భారత పాకిస్తానముల నడుమ సంధియు వర్తకమును సాధ్యములగునా యను ప్రశ్నను విచారింపవలసినదిగా మీరు నన్ను గోరితిరి. ఈ విషయము విని యొక మిత్రుడు "అటారీ సరిహద్దెక్కడ, మన ఎలగందుల ఖిల్లా యెక్కడ?" అని పరిహసించెను. దూరము నిజమే. కాని మన కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలవారికి సరిహద్దన నేమియో, నాకా యన నేమియో, పొరుగు ప్రభుత్వముతో వైరము ముదిరినపుడు ఉప్పు దొరకుట యెట్లుండునో యొకరు నేర్పవలసిన పనిలేదు. మన తాతలు దానిని కన్నులార చూచినవారు. కావున ఢిల్లీ, ఇస్లామాబాదుల మాటకు బోవుటకు ముందు ప్రాణహిత యొడ్డున కొంతసేపు నిలిచెదము.

ప్రాణహిత కావలి గట్టున సిరొంచ యున్నది. అచ్చటి జనులలో ననేకులు తెలుగువారు. ఇటు పిల్లనిచ్చి యటునుండి పిల్లను దెచ్చుకొనువారు. 1860 సంవత్సరమున నిజాము ప్రభుత్వము గోదావరి యెడమ గట్టునగల తాలూకాలను ఆంగ్లేయులకు వదలుకొన్నది. నాటినుండి నది రాజ్యమున కెల్ల యయ్యెను. ఆ సంధియందే నదీమార్గమున బోవు సరకులపై సుంకము గొనరాదను నియమమును గలదు. బీరారు పత్తిని పడవలపై సముద్రమునకు చేర్చవలెనని ఆంగ్లేయుల యాశ. నదిలోని రాతి యడ్డంకులను దాటుటకై యెంతయో ధనము వ్యయించి తుదకు 1871లో ఆ యత్నమును మానుకొనిరి. రాజు లిద్దరు నొప్పిరి గాని నది యొప్పలేదు!

నది చేయలేని పనిని రైలు చేసినది. 1929 నాటికి కాజీపేట-బల్హార్షా మార్గము పూర్తియై ఢిల్లీ మద్రాసులను గలిపినది. పెద్దపల్లి, మంచిర్యాల, బెల్లంపల్లి, సిర్పూరు స్టేషనులు దేశపు రాజమార్గము మీదికి వచ్చినవి. బెల్లంపల్లి బొగ్గు, తరువాత సిర్పూరు కాగితము ఈ మార్గముననే వెలుపలికి బోయెడివి. బట్ట, గ్యాసునూనె, ఉప్పు లోనికి వచ్చెడివి. సరకునకు కరోడ్‌గిరి నాకాలో సుంకము చెల్లింపవలెను. నాణెము వేరు: ఇచ్చట హాలీ సిక్కా, అచ్చట కల్దారు, సుమారు 7 హాలీ రూపాయలకు 6 కల్దారు రూపాయలు. గంజిలోని అడ్తిదారు రెండు లెక్కలు వ్రాసికొనవలసినవాడే. అయినను వర్తకము సాగినది. తపాలా వేరైనను, నాణెము వేరైనను, సుంకము వేరైనను వర్తకము చావదని మనవారి యనుభవము. దానిని చంపునది వేరొకటి.

అదేమో 1947-48లో తెలిసినది. 1947 నవంబరు 29న నిజాము ప్రభుత్వమునకును భారత ప్రభుత్వమునకును ఒక సంవత్సరపు యథాతథపు టొడంబడిక జరిగినది. ఆంగ్లేయుల కాలమున రాకపోకలు, తపాలా, రైళ్లు, విదేశ వ్యవహారములు ఎట్లుండెనో యట్లే యుండవలెనని దాని సారాంశము. కాగితముపై నింతకంటె సుగమమైన దేమున్నది? కాని ఒడంబడిక తడి యారకముందే హైదరాబాదు ప్రభుత్వము భారత నాణెము తన రాజ్యమున చెల్లదనియు, వెండి బంగారములు వెలుపలికి పోరాదనియు శాసనములు చేసినది. భారత ప్రభుత్వపు ఋణపత్రముల రూపమున 20 కోట్ల రూపాయలు పాకిస్తానమునకు అప్పుగా నిచ్చినది. అటు పొరుగు రాష్ట్రములనుండి ఉప్పు, పెట్రోలు, మందులు, నీటిని శుద్ధిచేయు క్లోరిను రాక యాగినవి. దిగ్బంధమును విధింపలేదని ఢిల్లీ సర్కారువారు చెప్పిరి. విధించినవా రెవరైనను ఉప్పు మాత్రము రాలేదు. మనకు సముద్రమా, లేదు. రజాకార్ల దౌర్జన్యమునకు జంకి జనులు ఎల్లలు దాటి పోవుచుండిరి. రాష్ట్ర కాంగ్రెసువారు చాందాలో శిబిరము నెలకొల్పిరి. వంగర గ్రామపు పి.వి. నరసింహారావు ఆ శిబిరమున పనిచేసినవారే. 1948 ఆగస్టు 21న నిజాము ప్రభుత్వము ఐక్యరాజ్య సమితి భద్రతా మండలికి మొరపెట్టినది. సెప్టెంబరు 13న భారత సేనలు ప్రవేశించినవి. 17న నిజాము లొంగిపోయెను. పిమ్మట మరాఠ్వాడాలోను కన్నడ జిల్లాలలోను ముస్లిము ప్రజలపై జరిగిన ఘోరములను విచారించిన సుందర్‌లాల్ సంఘము మృతుల సంఖ్యను 27 వేలనుండి 40 వేల వరకు అంచనా కట్టినది. విజయోత్సవ ప్రసంగములలో ఈ యంకె వినబడదు, వినబడవలెను.

ఈ కథ పాకిస్తాన విషయమునకు అచ్చముగా సరిపోవునని నేననను. హైదరాబాదు ప్రజలు భారతమున చేరగోరినవారు. నిజాము వారి యభీష్టమున కడ్డు నిలిచెను. పాకిస్తానమో, 1947 నుండి వేరుదేశము. దాని ప్రజలు మనలో చేరవలెనని కోరుటలేదు, మనము కోరనక్కరలేదు. కాని యొక సంగతి మాత్రము రెంటికిని సమానము. యథాతథపు టొడంబడిక విఫలమగుటకు కారణము దానిలోని షరతులు కావు. నిజాము పక్షము దానిని స్వతంత్ర రాజ్యమగుటకు వలయు గడువుగా చూచెను. ఢిల్లీ దానిని విలీనమునకు వలయు గడువుగా చూచెను. గడువుగా దలచినవాడు సంధిని కాపాడడు, దినములు లెక్కించును.

ఇక అసలు విషయము. దేశవిభజన యైన తొలినాళ్లలో ఈ రెండు దేశముల వర్తకము స్వల్పము కాదు. 1948-49లో పాకిస్తానపు ఎగుమతులలో సగముకంటె నెక్కువ భారతమునకే వచ్చెడిది. జనుము పండునది తూర్పు బెంగాలున, మిల్లు లుండునవి కలకత్తాలో. ఇరువురకు నొకరితో నొకరికి పని. 1949 సెప్టెంబరులో మనము రూపాయి విలువను తగ్గించితిమి, పాకిస్తానము తగ్గింపలేదు. మారకపు రేటును గూర్చిన యీ వివాదముతోనే వర్తకము స్తంభించినది. కలకత్తా మిల్లులకు జనుము లేదు. తూర్పు బెంగాలు రైతునకు కొనువాడు లేడు. 1951లో మరల నొప్పందము జరిగినది గాని పోయిన నమ్మకము పూర్తిగా తిరిగి రాలేదు. 1965 యుద్ధముతో ఉన్న వర్తకమును నిలిచిపోయినది. 1971 యుద్ధానంతరము 1972లో సిమ్లా ఒడంబడిక జరిగిన పిదప గాని మరల మొదలు కాలేదు.

1996లో భారతము పాకిస్తానమునకు అత్యంత అనుకూల దేశపు హోదా నిచ్చెను. బదులుగా పాకిస్తాన మెన్నడును ఇయ్యలేదు. 2012లో అటారీయందు గొప్ప వర్తక కేంద్రమును కట్టించితిమి. 2019 ఫిబ్రవరిలో పుల్వామాయందు మన జవానులను చంపిన పిదప ఆ హోదాను తీసివేసి, అచ్చటి సరకులపై నూటికి 200 సుంకము విధించితిమి. ఆగస్టులో పాకిస్తానము తానుగా వర్తకమును నిలిపినది. కాని నెల తిరుగక ముందే మందులను, మందుల ముడిసరకులను మాత్రము మననుండి తెప్పించుకొనుటకు అనుమతించుకొనవలసి వచ్చెను! 2025 ఏప్రిల్ 22న పహల్గామున యాత్రికులను చంపిరి. అటారీ మూతపడినది, 1960 నుండి మూడు యుద్ధములకు తట్టుకొని నిలిచిన సింధు జలముల సంధిని భారతము నిలిపివేసినది, మే 2న పాకిస్తానపు దిగుమతులన్నియు నిషిద్ధములైనవి, మే 7న మన విమానదళము దెబ్బకొట్టెను, 10న కాల్పులు విరమించిరి. ఈ దుష్కృత్యములలో అపరాధి యెవరని నన్నడిగిన సందేహింపక చెప్పుదును: ముష్కరులకు ఇంట తావిచ్చి, పొరుగువానితో బేరమాడదలచిన వాడే.

ఇచ్చట మన ఆదిలాబాదు పత్తి ప్రస్తావన వచ్చుచున్నది. 2021 మార్చి 31న పాకిస్తానపు ఆర్థిక సమన్వయ సంఘము భారతమునుండి పత్తిని, చక్కెరను కొనుటకు తీర్మానించెను. వారి నేత మిల్లులకు పత్తి చాలక బాధపడుచుండిరి. మరునాడే వారి మంత్రివర్గము ఆ తీర్మానమును త్రోసిపుచ్చినది. ఒక్క రాత్రి! ఆదిలాబాదు గంజిలో బండి దింపు రైతునకు ఈ వార్త చేరియే యుండదు. వాని పత్తి ధర యొక్క పాకిస్తానముపై నాధారపడి లేదు, నిజమే. కాని కొనువాడొకడు తగ్గిన బేరమున బలమొకింత తగ్గునని గంజికి పోయిన ప్రతివానికిని తెలియును.

వర్తకము పెరిగిన యుద్ధము రాదని కొందరు విద్వాంసులు చెప్పుదురు. నేను సంపూర్ణముగా నమ్మను. 1914లో ఆంగ్లేయులును జర్మనులును పరస్పరము పెద్ద బేరగాండ్రు. అయినను నాలుగేండ్లు చంపుకొనిరి. మనకు సమీపముననే యుదాహరణము గలదు. మంథని నియోజకవర్గమునుండి శాసనసభకు పోయిన ఆ పి.వి. నరసింహారావే ప్రధానియై 1993 సెప్టెంబరు 7న చైనాతో సరిహద్దున శాంతిని నిలుపు నొప్పందమును పెకింగున కుదిర్చిరి. సరిహద్దు తగవు తీరకున్నను తుపాకి పేల్చకుండుట ముఖ్యమని దాని తాత్పర్యము. తరువాత చైనాతో వర్తకము పెరిగి పెరిగి 2021లో నూరు బిలియను డాలర్లు దాటినది. అయినను 2020 జూను 15న గల్వాను లోయయందు మన సూర్యాపేట బిడ్డ కర్నలు సంతోష్‌బాబు, మరి పందొమ్మిదిమంది వీరులు నేలకొరిగిరి. వర్తకము కత్తిని ఒరలో నుంచలేదు. కాని ఆ రాత్రి ఇరుపక్షములు తుపాకులు కాల్పలేదనియు, ఆ యొప్పందముల మర్యాద కొంతవరకు నిలిచెననియు మరువరాదు. నిలిచినది కొంచెమే, ఆ కొంచెమును లేకున్న యేమగునో యూహింపుడు.

ఇక ఫ్రాన్సు, జర్మనీల మాట. 1950 మే 9న షూమాను మహాశయుడు ఇరుదేశముల బొగ్గును ఉక్కును ఒక యధికారము క్రింద నుంచుదమని ప్రకటించెను. మరుసటి యేట ఆరు దేశములు సంధిపై సంతకము చేసినవి. ఫిరంగికి కావలసినది బొగ్గును ఉక్కునే కదా. ఇది వట్టి క్రయవిక్రయము కాదు. పొరుగువాడు ఆయుధము సిద్ధపరచినచో ముందుగా కనబడునట్లు తలుపు తెరచి యుంచుట. బెల్లంపల్లి, రామగుండముల బొగ్గు నెరిగిన మనకు ఈ యుక్తి సులభముగా బోధపడును. భారత పాకిస్తానముల నడుమ అట్టిది నేడు సాధ్యమని చెప్పను; ముష్కర శిబిరములు మూయనంత వరకు ఆ మాట హాస్యాస్పదము.

మన యువకులు గల్ఫున పాకిస్తానీయులతో ఒక గదిలో పరుండి, ఒక పొయ్యిమీద వండుకొనుచున్నారు. కావున ప్రజలకు వైరము లేదని కొందరందురు. చాలవరకు నిజము. కాని 2025 ఏప్రిల్‌లోనే దుబాయిలోని యొక రొట్టెల దుకాణమున మన తెలంగాణీయు లిద్దరు తోటి పనివాడగు పాకిస్తానీయునిచే హతులైరి. అందొకడు నిర్మలు జిల్లావాడు. పొయ్యి యొకటైనంత మాత్రమున మనసు లొకటి కావు. అట్లని యా వేలమందిని శత్రువులుగా నెంచుటయు తగదు.

అయిన చేయదగిన దేమి? నా మతమున, ప్రభుత్వము వర్తకమును ఆయుధముగా వాడక తప్పని సమయములున్నవి; 2019లోను, 2025లోను వాడుట తప్పు కాదు. కాని 1948లో మన యూళ్లకు ఉప్పును, మందులును ఆపినపుడు రజాకారు నాయకుల వంటయిండ్లలో కొరత పడలేదు. కొరత పడినది కూలివాని యింట. కావున నిషేధపు పట్టికనుండి మందులను, వాని ముడిసరకులను ఇరుపక్షములు ఎన్నడును తొలగించియే యుంచవలెను. హైదరాబాదు మందుల కర్మాగారముల వారు ఈ మాటను ప్రభుత్వము నెదుట గట్టిగా చెప్పదగినవారు. రెండవది, దుబాయి మార్గమున పేరు మార్చుకొని పోవు సరకు సంగతి. ఇట్టి దొంగచాటు వర్తకమున లాభము మధ్యవర్తికి, నష్టము ఇరుదేశముల ఖజానాలకు. సింధు సంధిని మరల విచారించు దినము వచ్చినపుడు, ఈ లెక్కను గూడ అదే బల్లమీద నుంచవలెను. మూడవది, పత్తి. ఉగ్రవాదమును విడిచినట్లు కండ్లకు గనబడు సాక్ష్యము దొరికిన నాడు మొదట తెరువవలసినది పత్తి ద్వారము. అచ్చట మిల్లులున్నవి, ఇచ్చట పంట యున్నది. ఆ నాడు పత్తి ధరను నిర్ణయించు మాటలలో ముంబయి, అహమదాబాదు వర్తకులే గాక ఆదిలాబాదు రైతు ప్రతినిధులును కూర్చుండునట్లు మన శాసనసభ్యులు ఇప్పటినుండియే యడుగుచుండవలెను.