గోదావరి ఇసుకలో బంగారు రజను

మణికొండలో మన సంఘం కూడిందంటే నాకు హాస్టల్ డైనింగ్ హాలే గుర్తొస్తుంది. సగం మొహాలు అక్కడ చూసినవే. వార్డెన్ మేడం వచ్చాక క్లాసు తప్పదు, కూర్చోండి.

ములుగు జిల్లా మంగపేట మీకు బస్సు బోర్డు మీది పేరు. 19వ శతాబ్దంలో ఇంగ్లిషు వాళ్లు రాసిన ఖనిజాల పుస్తకాల్లో మాత్రం అది బంగారు రజను దొరికే చోటు. అక్కడ గోదావరి ఇసుకలో, గట్ల మీద ఉందని రాశారు.

ఇసుకలోకి బంగారం ఎట్లా వచ్చింది? హాస్టల్లో వంటమ్మ బియ్యం గాలించడం చూశారు కదా. గిన్నె ఊపుతుంటే బియ్యం నీళ్లతో పక్క గిన్నెలోకి జారతాయి, రాళ్లు అడుగున మిగులుతాయి. నది చేసేదీ అదే. కొండల్లో పలుగురాయి చారల్లో ఉన్న బంగారం, ఆ రాయి లక్షల ఏళ్ల వానలకు అరిగితే వాగుల్లోకి, వాగుల నుంచి నదిలోకి వస్తుంది. మామూలు ఇసుక రేణువు నీటికంటే రెండున్నర రెట్లకు కాస్త పైగా బరువు, బంగారం 19 రెట్లు. మలుపులో లోపలి ఒడ్డున నీటి వేగం తగ్గగానే బరువైంది ముందు దిగిపోతుంది, నల్ల ఇసుకతో కలిసి. ఇట్లాంటి చోట్ల రోజంతా గాలించినా మామూలుగా దొరికేవి పొట్టులాంటి రేకులే. మంగపేట కోలార్ కాలేదు.

ఇప్పుడు ఆ ఇసుకే బంగారం. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లకు లారీల్లో వచ్చే ఇసుకలో మంగపేట, ఏటూరునాగారం, వాజేడు వైపు రీచ్‌లదీ ఉంది. మీరు అద్దెకుండే గోడల్లో మన ఏరు ఉండొచ్చు.

1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో ఇసుకలాంటి చిన్నతరహా ఖనిజానికి లీజు ఇవ్వాలంటే ముందు గ్రామసభ లేదా పంచాయతీ సిఫారసు ఉండాలి. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు అక్కడ గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవంది. మంగపేట మండలంలోని 23 ఊళ్లు షెడ్యూల్డ్ ప్రాంతమేనని హైకోర్టు తేల్చింది 2023లో! దశాబ్దాల పేచీ అది.

ఒక ఊళ్లో ఇసుక సంఘంలో ఉన్న అక్కను అడిగాను, తీర్మానంలో ఏం రాశారని. "తెల్వదు మేడం, సంతకం పెట్టమన్నరు, పెట్టిన" అంది. సంఘం పేరు మనది, లారీలు ఎవరివో. ఆమె కొడుకు ఇక్కడే ఈ ఐటీ కంపెనీల్లో రోజూ ఒప్పందాల కాగితాలు చదువుతాడు, వాళ్లమ్మ సంతకం చేసింది తప్ప.

దసరాకు ఊరెళ్తారు కదా. తీర్మానం నకలు పంచాయతీ కార్యదర్శిని అడగండి, అమ్మకు చదివి వినిపించండి. అర్థం కాకపోతే నాకు ఫోన్ చేయండి, రాత్రి తొమ్మిది తర్వాత. అంతకుముందు స్టడీ అవర్.