వ్రాలిన కనురెప్పలు



ఒకరినొకరు ఆదరముతో కాపాడుకొనుటను చెప్పవలసివచ్చినప్పుడు మనవారు "కంటికి రెప్పవలె" అందురు. ఇంతకంటె చక్కని ఉపమానము మన భాషలో వెదకినను దొరకదు. రెప్ప, ధూళి పడకమునుపే మూసికొనును. ఎవరును చెప్పకయే తెఱచుకొనును. నిమిషమునకు పదునైదు ఇరువది పర్యాయములు కన్నీటి తడిని కంటిపై పూయుచుండును. అట్టి రెప్పయే ముదిమిచే బరువెక్కి చూపునకు అడ్డము వచ్చినచో, కంచెయే చేను మేసినట్లగును గదా! అట్లు మేయబడిన చేలలో నాదియు నొకటి. అందుచే, వ్రాలిన రెప్పలకు శస్త్రచికిత్స చేయించుకొనదలచినవారు ముందుగా విచారింపవలసిన సంగతులను, నేను పడిన పాట్లతోను, చేసిన పొరపాటుతోను గూడ, మీకు విన్నవించెదను.

నేను చిరకాలము బడిలో తెలుగు చెప్పి 2017లో విశ్రాంతి గైకొంటిని. పిదప సాయంకాలములందు మా యూరి రామాలయమున పురాణము చదివి అర్థము చెప్పుచుంటిని. 2021 నాటికి పుటలోని పై పంక్తులు కానవచ్చుటకు గడ్డ మెత్తి, కనుబొమలు పైకి లాగి చదువవలసివచ్చెను. ప్రొద్దుక్రుంకు వేళకు నొసలు నొప్పి పుట్టెడిది. రెండు పర్యాయములు కంటియద్దములు మార్చితిని. డబ్బు పోయినది గాని బాధ పోలేదు. ఒకనాడు మా గృహిణి, "ఏమండీ, పురాణము చదువుచు మీరే నిద్రపోవుచున్నారని వెనుక కూర్చున్నవారు నవ్వుకొనుచున్నారు" అనినది. అప్పుడు గాని నాకు సిగ్గు కలుగలేదు. పట్టణమునకు పోయి నేత్రవైద్యుని దర్శించితిని.

ఆయన నన్ను అద్దము ముందు కూర్చుండబెట్టి, నొసటిపై వ్రేలుంచి కనుబొమలు లేవకుండ పట్టి, "ఇప్పుడు చూడుడు" అనెను. ఎదుటి గోడపై భాగము మాయమయ్యెను! అప్పు డాయన, రెప్ప వ్రాలుట యనునది ఒక్క వ్యాధి కాదని చెప్పి, ముఖ్యముగా మూడు తెఱగులను వివరించెను.

మొదటిది చర్మపు మిగులు. శరీరమందలి చర్మమంతటిలో కనురెప్ప చర్మము మిక్కిలి పలుచనిది. వయస్సుతో బిగి సడలి, ముడుతపడి, వెండ్రుకల అంచును దాటి వ్రేలాడును. రెండవది రెప్పను పైకెత్తు కండరము పట్టు జారుట. అప్పుడు రెప్ప అంచే దిగి కంటిపాపను కప్పును. ఇది త్రాడు జారిన తెరవంటిది. చర్మము కోసినంతమాత్రమున ఇది లేవదు. కండరమును బిగింపవలయును. మూడవది కనుబొమయే క్రిందికి జారుట. ద్వారముపై దూలము క్రుంగినప్పుడు తలుపు చెక్కినందున ప్రయోజనమేమి? ఒక్కొక్కరియందు ఈ మూడును కలిసి యుండవచ్చును. కావున "రెప్ప కోయించుకొందును" అని పోవుట గాక, "నా రెప్ప యేల వ్రాలినది?" అని అడుగుటకు పోవలయును.

ఇచ్చట నా పొరపాటు చెప్పుకొనక తీరదు. 2022 డిసెంబరులో నా బావమరిది దూరవాణిలో, "బావగారూ, నాకును మీవలెనే రెప్ప వ్రాలినది" అనెను. తెలిసినవాడ ననుకొని, "ఓయీ, వయస్సు వచ్చినది, ఇందులో తొందర యేమున్నది? సంక్రాంతి దాటనిమ్ము, ఇద్దఱము కలిసి పోదము" అంటిని. ఎన్నినాళ్ళలో వ్రాలినదని అడుగలేదు. ఒక కన్నా, రెండు కన్నులా యని అడుగలేదు. రెప్పను ఎత్తి చూచినచో వస్తువు ఒకటిగా కనబడుచున్నదా, రెండుగానా యని యంతకంటె అడుగలేదు. ఆఱవనాడు అతడు రెప్పను వ్రేలితో ఎత్తిపట్టుకొని కాలువగట్టుపై నడచుచు, ఒక గట్టు రెండుగా తోచి, లేనిదానిపై అడుగువైచి పడెను. ఆసుపత్రిలో తేలిన దేమనగా, మధుమేహముచే కంటిని త్రిప్పు నరమొకటి దెబ్బతినినది. దైవానుగ్రహమున మూడుమాసములలో రెప్ప లేచినది. కాని వైద్యుడు నా ముఖము చూచి, "ఇదే లక్షణము మెదడులోని రక్తనాళము ఉబ్బినందున గూడ వచ్చును. అట్లయినచో ఆఱుదినములు ఆగుట ప్రాణాంతకము" అనెను. ఆ మాట నేటికిని నా చెవిలో నున్నది.

కావున మహాశయులారా, ఈ గుఱుతులు మఱువకుడు. సంవత్సరములకొలది మెల్లగా, రెండు కన్నులును ఇంచుమించు సమముగా వ్రాలుట సాధారణముగా ముదిమి చేయు పని. హఠాత్తుగా ఒక రెప్ప వ్రాలుట, రెండు బొమ్మలు కనబడుట, ఒక కంటిపాప రెండవదానికంటె పెద్దదిగానో చిన్నదిగానో యగుట, తీవ్రమైన తలనొప్పి, మూతి వంకరపోవుట, కాలుసేతుల పట్టు తప్పుట, వీనిలో నేది యున్నను ఆనాడే పెద్దాసుపత్రికి పోవలయును. ఉదయము చక్కగనుండి సాయంకాలమునకు వ్రాలు రెప్ప నరమునకును కండరమునకును సంధియందలి దోషమును సూచింపవచ్చును. దానికి తగిన మందులు కలవు. పల్లెవాసులమైన మనము ఎఱుగవలసిన దింకొకటి: రాత్రి నేలపై పరుండినవాడు తెల్లవారి రెప్పలు ఎత్తలేకున్నచో కట్లపాము కఱచియుండవచ్చును. ఆ కాటు నొప్పియైన తెలియకుండ పడును. మంత్రములకు కాలము పుచ్చక విషమునకు విఱుగుడు మందున్న ఆసుపత్రికి చేర్పవలయును. పుట్టుకతోనే రెప్ప వ్రాలిన శిశువును గూడ పెద్దవాడగువఱకు ఆపరాదు. కప్పబడిన కన్ను చూచుట నేర్వకయే పోవును.

ఇక శస్త్రమునకు తగినదని తేలినపిమ్మట జరుగు పరీక్షలు వినుడు. రెప్ప వ్రాలియుండగా ఒకసారి, పట్టీతో ఎత్తి అంటించి ఒకసారి చూపు విస్తృతిని కొలుతురు. ఈ రెంటికిని గల భేదమే శస్త్రమువలన కలుగబోవు లాభమునకు కొలబద్ద. సన్నని కాగితపు పట్టీని క్రింది రెప్ప అంచున 5 నిమిషము లుంచి కన్నీరెంత యున్నదో చూతురు. కన్నీరు తక్కువవారికి శస్త్రానంతరము కంటిమంట హెచ్చవచ్చును. కంటిలో శుక్లమున్నదేమో గూడ చూడవలయును. మసకకు కారణము శుక్లమైనచో రెప్ప నెత్తిన మాత్రమున ఆ మసక పోదు. రక్తపుపోటు, మధుమేహము, థైరాయిడ్ దోషము, పూర్వము కంటికి జరిగిన చికిత్సలు, ఏదియు దాచరాదు. గుండెజబ్బువారు రక్తము గడ్డకట్టకుండుటకు పుచ్చుకొను ఆస్పిరిన్ వంటి మందులను, ఇంట వాడు ఆకుపసరులు, చూర్ణములను గూడ పేరుపేరున చెప్పవలయును. వానివలన రక్తస్రావము హెచ్చవచ్చును. అయినను గుండెమందును మనంతట మనము మానరాదు. మానవలయునా, ఎన్నినాళ్ళని ఆ మందు వ్రాసిన వైద్యునే అడుగవలయును. చుట్టలు త్రాగువారికి గాయము ఆలస్యముగా మానును.

నాకు 2023 ఫిబ్రవరిలో ఈ చికిత్స జరిగినది. ముందుగా కూర్చుండబెట్టి రెప్పపై సిరాతో గీతలు గీసిరి. పరుండినచో చర్మము జారి కొలత తప్పునట. సూదిమందుతో రెప్పకు మాత్రమే స్పర్శ పోగొట్టిరి. మాటలు వినబడుచునే యుండెను. సహజమైన ముడుతలోనే కోసి, మిగులు చర్మము తీసి, సన్నని దారముతో కుట్టిరి. ఆనాటి సాయంకాలమునకే ఇల్లు చేరితిని.

శాస్త్రము చదివినవాడను గనుక ఒక మాట. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున కనురెప్పల వ్యాధులు 21 గా చెప్పబడినవి. వెండ్రుకలు కంటిని గ్రుచ్చు పక్ష్మకోపమునకు రెప్పపై యవగింజ ఆకారమున చర్మము తీసి కుట్టవలయునని చెప్పుచు, కనుబొమ క్రింద నెంత, వెండ్రుకలపై నెంత చర్మము విడువవలయునో కొలత గూడ విధింపబడినది. వాతముచే చేష్ట చెడిన వాతహతవర్త్మము అసాధ్యములలో చేర్పబడినది. ఆ కాలపు పద్ధతిని నేడు అనుసరింపుడని నేను చెప్పుట లేదు. తీయవలసినదానికంటె విడువవలసినదానిపై దృష్టి యుండుట గమనింపుడని చెప్పుచున్నాను. నేటి వైద్యులును కనుబొమకును వెండ్రుకలకును నడుమ సుమారు 20 మిల్లీమీటర్ల చర్మమైన మిగుల్తురు. అంతకంటె తీసినచో రెప్ప మూతపడదు. రాత్రియందు కన్ను ఎండి పుండుపడును. "ఇంకొంచెము తీయుడు" అని వైద్యుని తొందరపెట్టుట వివేకము కాదు.

చికిత్స పిమ్మట రెండుదినములు చల్లని గుడ్డ వేయవలయును. తల ఎత్తుగానుంచి పరుండవలయును. కుట్లు 5 మొదలు 7 దినములలో తీయుదురు. వాపును, కమిలిన నలుపును ఒకటి రెండు వారము లుండును. ఆ దినములలో వంగి బరువు లెత్తుట, కన్ను నులుముట పనికిరావు. ప్రమాదములలో ఘోరమైనది, అరుదైనదే యయినను, కంటివెనుక రక్తము చేరుట. శస్త్రము జరిగిన మొదటి దినములలో భరింపరాని నొప్పి పుట్టి, కన్ను ముందుకు పొడుచుకొనివచ్చి, చూపు తగ్గినచో, నడిరేయియైనను తత్క్షణమే వైద్యుని చేరవలయును. గంటల ఆలస్యమున చూపే పోవును. కావున ఆ రాత్రి పట్టణముననే బస చేయుట మేలు. నేను తొందరపడి ఇల్లు చేరితిని. మీ రట్లు చేయకుడు.

అందముకొఱకు ఈ చికిత్స చేయించుకొనువారును కలరు. అది తప్పని నేననను. కాని అట్టి ఖర్చును సాధారణముగా ఆరోగ్యభీమావా రీయరు. చూపునకు అడ్డమని వైద్యుడు పరీక్షలతో వ్రాసియిచ్చినప్పుడు అడిగి చూడవచ్చును. క్రింది రెప్పల సంచులు తీయుట వేఱు పని. అందు రెప్ప బయటికి తిరుగబడు భయము కలదు. రెండు కన్నులును అచ్చు గ్రుద్దినట్లు సమముగా నుండునని ఆశింపరాదు. నా యెడమరెప్ప ముడుత కుడిదానికంటె నేటికిని కొంచెము ఎత్తు. నేత్రవైద్యులలో రెప్పల చికిత్సయందు ప్రత్యేకశిక్షణ పొందినవారిని వెదకి, "ఇట్టివి మీరెన్ని చేసితిరి?" అని అడుగుట అమర్యాద కాదు.

ఇప్పుడు రామాలయమున గడ్డ మెత్తకయే చదువుచున్నాను. నొసటి నొప్పి తగ్గినది. నా బావమరిది ముందువరుసలో కూర్చుండును. మీ ఇంట నెవరైన "రెప్ప వ్రాలినది" అనినచో, నేనడుగని ఆ మూడు ప్రశ్నలు మీరు అడుగుడు: ఎన్నినాళ్ళలో? ఒక కన్నా, రెండా? ఎత్తి చూచిన ఒకటిగా కనబడుచున్నదా, రెండుగానా? పిదప వైద్యునికడకు పంపుడు.