గేటు లోపలి మనుషులు



బుద్ధిమాంద్యం ఉన్న పసివాళ్ల గురించి మనం కొంతైనా మాట్లాడుకుంటున్నాం. వాళ్లకు నలభై ఏళ్లొచ్చాక ఏమవుతున్నారో పట్టించుకునేవాళ్లు తక్కువ. ఆత్మకూరులోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ డెబ్బై దాటిన తల్లులు నన్నడిగేది ఒక్కటే: "మేము పొయ్యినాక వీన్ని ఎవరు జూస్తారు సార్?" పక్కనున్నవాళ్లు వెంటనే "హోములు ఉన్నాయి గదా" అంటారు. ఈ సభలో మాట్లాడే అవకాశం వచ్చింది కాబట్టి, ఆ మాట దగ్గరే ఆగి అడగాలనుకుంటున్నాను. ఎలాంటి హోము? దాని లోపల ఏం జరుగుతోందో చూసేదెవరు?

2001 ఆగస్టు 6 తెల్లవారుజామున తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ఆశ్రమం తగలబడి ఇరవై మందికి పైగా చనిపోయారు. గొలుసులతో కట్టేసి ఉన్నారు కాబట్టి పరుగెత్తలేకపోయారు. వాళ్లు మానసిక రోగులు. బుద్ధిమాంద్యం వేరు, నిజమే. కానీ గొలుసు వేసినవాళ్ల ఆలోచన మన హోముల్లోనూ కనిపిస్తుంది: మనిషి పారిపోకుండా ఉంటే చాలు, భద్రంగా ఉన్నట్టే.

ప్రభుత్వమే నడిపితే బాగుంటుందంటారా? ఢిల్లీలోని ఆశా కిరణ్ ప్రభుత్వ హోమే. పట్టాల్సినవాళ్ల కంటే చాలా ఎక్కువ జనాన్ని కుక్కిన ఆ ఇంట్లో 2024 జులైలో పది మందికి పైగా చనిపోయారు. చండీగఢ్‌లో ప్రభుత్వ సంరక్షణలో ఉన్న అమ్మాయి అత్యాచారానికి గురై గర్భవతి అయితే, ఆ గర్భం ఉంచాలా వద్దా అన్న వ్యాజ్యం 2009లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆమె బిడ్డను కంటానంది, కోర్టు ఆమె మాటే నిలబెట్టింది. పోనీ, డబ్బుంటే సరిపోతుందా? ఇంగ్లండులో బ్రిస్టల్ దగ్గరి వింటర్‌బోర్న్ వ్యూ ఖరీదైన ప్రైవేటు ఆసుపత్రి, తనిఖీలున్న చోటు. అక్కడ సిబ్బంది రోగుల్ని కొట్టి, నేలకు అదిమిపట్టి హింసిస్తున్నారని 2011లో బీబీసీ రహస్య కెమెరా చూపించేదాకా ఎవరూ ఆపలేదు. తర్వాత పదకొండు మందికి శిక్ష పడింది.

ఇవన్నీ పేపర్లకెక్కిన ఘోరాలు. నన్ను ఎక్కువగా బాధపెట్టేవి పేపర్లకెక్కని చావులు. ఇంగ్లండులో 2013లో వచ్చిన ఒక విచారణ నివేదిక ప్రకారం బుద్ధిమాంద్యం ఉన్న మగవాళ్లు మిగతావాళ్ల కంటే సగటున 13 ఏళ్లు, ఆడవాళ్లు 20 ఏళ్లు ముందే చనిపోతున్నారు. వైద్యం అందకో, ఆలస్యంగా అందో పోయినవాళ్లు అందులో చాలామంది. కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. నొప్పి ఎక్కడుందో చెప్పలేని మనిషి అరుస్తాడు, తల గోడకేసి కొట్టుకుంటాడు, తినడం మానేస్తాడు. చూసేవాళ్లు "వాడంతేలే" అంటారు. నేను చూసిన ఒక హోములో ఒకామె పొద్దస్తమానం దవడ మీద కొట్టుకుంటోంది. మొండితనం అనుకొని నిద్రమాత్ర పెంచారు. నోరు తెరిపించి చూస్తే పన్ను కింద చీము పట్టి ఉంది.

ఫిట్స్ వచ్చేవాళ్లను స్నానాల గదిలో ఒంటరిగా వదలకూడదు. 2013లో ఆక్స్‌ఫర్డ్‌లో పద్దెనిమిదేళ్ల కుర్రాడు సంరక్షణ కేంద్రంలోనే స్నానపు తొట్టిలో ఫిట్స్ వచ్చి మునిగిపోయాడు. మింగడం కష్టమైనవాళ్లకు సంగటి ముద్ద కూడా గొంతుకు అడ్డం పడుతుంది. మెత్తగా చేసి, నిటారుగా కూర్చోబెట్టి, తొందరపెట్టకుండా తినిపించాలి. వారం రోజుల మలబద్ధకాన్ని ఎవరూ రాసిపెట్టకపోతే అదే ప్రాణం తీస్తుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకు థైరాయిడ్ జబ్బు ఎక్కువ, మతిమరుపు వ్యాధి నలభై యాభైల్లోనే మొదలవ్వొచ్చు. మన సీమ ఎండల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మానసిక రోగాలకిచ్చే కొన్ని మందులు ఒంటి వేడి అదుపు తప్పేలా చేస్తాయి. దాహమని అడగలేనివాళ్లకు మే నెలలో గంట గంటకూ నీళ్లిచ్చే మనిషి ఉండాలి. ఇవి తెలిసిన ఆయా ఒక్కతె ఉంటే, పాలరాతి అంతస్తులన్నిటి కంటే ఆమే విలువైనది. అలాంటామెకు అరకొర జీతమిచ్చి రాత్రంతా అన్ని మంచాలూ ఆమెకే వదిలేస్తున్నాం.

చట్టం లేక కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ఇలాంటి సంస్థ నడపకూడదు. తన సంరక్షణలో ఉన్న వికలాంగునికి తెలిసి తిండి, నీళ్లు ఇవ్వకపోతే ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు. అయితే వింటర్‌బోర్న్ సంగతి విన్నారు కదా, కాగితం గేటు దగ్గరే ఆగిపోతుంది. లోపలికి వెళ్లాల్సింది మనమే. చెప్పకుండా వెళ్లండి, రాత్రి అన్నాల వేళకు వెళ్లండి. ఎవరి బట్టలు వాళ్లవేనా, లేక ఒకే కుప్పలోంచి తీసి తొడుగుతున్నారా? మరుగుదొడ్డికి తలుపుందా? ఫిట్స్ మందు ఎన్నింటికిచ్చారో రిజిస్టర్లో పడిందా, నెలాఖరున ఒకేసారి సంతకాలు గీశారా? నెలకు ఆరు వేల పింఛను ఎవరి చేతిలో పడుతోంది? ఊళ్లో జాతరకు వాళ్లను తీసుకెళ్తున్నారా? మిమ్మల్ని లోపలికి రానివ్వని హోములో బిడ్డను ఉంచకండి.

నా అభిప్రాయం దాచుకోను. ఊరికి దూరంగా వందల మందితో కట్టే భవనాల కంటే, ఇదే ఆత్మకూరు వీధుల్లో ఆరేడుగురు ఉండే అద్దె ఇల్లు మేలు. పక్కింటామెకు కేకలు వినపడతాయి, పాలబ్బాయికి మొహాలు తెలుస్తాయి. ఒకరు నాలుగు రోజులు బయట కనపడకపోతే అడిగేవాళ్లుంటారు. దాతలు గదికి పేరు రాయించుకోవడం మాని అలాంటి ఇంటికి రాత్రి మనిషి జీతం భరిస్తే మంచిది.

అమ్మానాన్నలకు ఒక పని చెబుతాను. జాతీయ ట్రస్టు చట్టం 1999 కింద సంరక్షకుణ్ణి నియమించేది కలెక్టరు సభ్యుడిగా ఉన్న స్థానిక స్థాయి కమిటీ. మనకది నంద్యాల జిల్లాలో. సంరక్షకుడు ఆరు నెలల్లోగా ఆస్తుల జాబితా ఇవ్వాలి, ఏటా లెక్క చూపాలి, నిర్లక్ష్యం చేస్తే తొలగిస్తారు. మీరు బతికుండగానే, మీ బిడ్డ అన్నతోనో చెల్లెలితోనో మాట్లాడి, సంరక్షకుణ్ణి నియమించమని దరఖాస్తు పెట్టండి. దాంతోపాటు ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి: ఏం తింటాడు, దేనికి భయపడతాడు, నొప్పి పుడితే ఏం చేస్తాడు, ఏ మందు పడదు. మీకు తప్ప ఇంకెవరికీ తెలియని సంగతులవి. చదువు రాదనేవాళ్లు ఈ సభ అయ్యాక నా దగ్గరికి రండి, మీరు చెబుతుంటే నేను రాసిస్తాను.