పాఠం కొండెక్కుతున్నది, మన పిల్లల సంగతేమిటి?

(హుకుంపేటలో విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విశ్వవిద్యాలయాల బోధనలో, పరిశోధనలో కొత్త సాంకేతికత తెస్తున్న మార్పును గురించి మాట్లాడమన్నారు. ఈ మన్యంలో కూర్చొని వింటే ఇది ఎక్కడో దూరపు ముచ్చటలా తోచవచ్చు. మన పిల్లలు పెద్ద చదువుకు విశాఖపట్నమో, విజయనగరమో పోవలసినవారు. పోలేనివారు తండ్రితోపాటు సంతలో అంగడి పరుస్తున్నారు. ఆ కారణం చేతనే ఈ విషయం ఇక్కడ మాట్లాడవలసి ఉన్నది. విశ్వవిద్యాలయపు భవనం ఘాటు రోడ్డెక్కి రాదు, పాఠం మాత్రం రావడం మొదలుపెట్టింది.

దూరాన ఉన్నవానికి చదువు పంపడం కొత్త ఆలోచన కాదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాదులోనే వెలసింది. నేడది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరుతో నడుస్తున్నది. 1998లో పార్లమెంటు చట్టం ద్వారా మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు అది కూడా దూరవిద్యతోనే పని ప్రారంభించింది. స్త్రీ విద్యపై ప్రత్యేక దృష్టి పెట్టాలని ఆ చట్టంలోనే రాసుకున్నారు. ఆనాడు టపాలో పుస్తకం వచ్చేది. ఈనాడు అధ్యాపకుని ముఖమే ఫోనులోకి వస్తున్నది.

2017లో కేంద్రం ప్రారంభించిన స్వయం వేదికలో పేరుమోసిన సంస్థల పాఠాలు రుసుము లేకుండా వినవచ్చు. పరీక్ష రాసి ధ్రువపత్రం కావాలంటేనే రుసుము. ఒక సెమిస్టరులో నలభై శాతం వరకు కోర్సులను ఈ వేదిక ద్వారా చదువుకోవచ్చని యూజీసీ 2021లో నిబంధన మార్చింది. ఇక మద్రాసు ఐఐటీ 2020లో ప్రకటించిన ఆన్‌లైన్ డిగ్రీకి జేఈఈ ర్యాంకు అక్కర లేదు. నాలుగు వారాల పాఠాలు చదివి అర్హతా పరీక్షలో నెగ్గితే ప్రవేశం. తక్కువ ఆదాయపు కుటుంబాలకు రుసుములో రాయితీ ఉన్నది. పాఠం ఇంటికి వస్తుంది, పరీక్షకు మాత్రం పట్టణంలోని కేంద్రానికి పోవాలి. ఇంటర్ చదువుతున్న మన పిల్లల్లో ఎంతమంది ఈ మాట విన్నారు?

అయితే తలుపు తెరిచినంత మాత్రాన అందరూ లోపలికి పోలేరు. 2017–18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో గ్రామీణ కుటుంబాలలో కంప్యూటరు ఉన్నవి 4.4 శాతం, ఇంటర్నెట్ అందుబాటు ఉన్నవి సుమారు 15 శాతం. ఆ స్థితిలో 2020 మార్చిలో విద్యాసంస్థలు మూతపడి, చదువంతా తెరమీదికి పోయింది. సిగ్నలు కోసం కొండెక్కి కూర్చున్న పిల్లలను ఈ మన్యమంతా చూసింది. కేంద్ర ప్రభుత్వపు ఉన్నత విద్యా సర్వే ఆ మరుసటి లెక్క తీసినప్పుడు, 2019–20లో ఇరవై ఒక్క లక్షలున్న ముస్లిం విద్యార్థులు 2020–21లో 19.21 లక్షలకు పడిపోయారు. ఆ ఏడాది దళిత, గిరిజన, వెనుకబడిన తరగతుల విద్యార్థుల సంఖ్య పెరిగింది. మనది తగ్గింది. మొత్తం విద్యార్థులలో మనం 4.6 శాతం, జనాభాలో 14.2 శాతం. ఇందుకు సాంకేతికత ఒక్కటే కారణమని నేననను. అంగడి మూతపడిన ఇంట్లో మొదట మానిపించేది చదువునే. ఒకే ఫోను ఉన్న ఇంట్లో అది మొదట ఎవరి చేతికి పోతుందో తల్లులను అడగండి. ఆడపిల్ల వంతు వచ్చేసరికి డేటా అయిపోయి ఉంటుంది.

గుమాస్తాగా పనిచేసినవాణ్ణి కనుక ఒక చిన్న సంగతి చెప్పకుండా ఉండలేను. మన పేర్ల సంగతి. పదో తరగతి మెమోలో ‘షేక్’ ముందుంటుంది, ఆధార్‌లో వెనుకుంటుంది. ఒకచోట ‘బీ’, మరొకచోట ‘బేగం’. కాగితాల కాలంలో బల్లకు ఇటువైపు కూర్చున్న మనిషి తండ్రిపేరు, ఊరు అడిగి ఇద్దరూ ఒకరేనని పోల్చుకునేవాడు. ఇప్పుడు విద్యార్థి క్రెడిట్లన్నీ 2021లో మొదలైన అకడమిక్ బ్యాంకులో ఆధార్‌తో ముడిపడి ఉంటున్నాయి. అక్షరం తేడా వస్తే యంత్రం ఊరుకోదు. ఉపకారవేతనం ఆగుతుంది, ప్రవేశం ఆగుతుంది. పిల్లవాడు ఇంటర్‌లో ఉండగానే అన్ని పత్రాలలో పేరు ఒకే తీరున చేయించండి. ఆఖరి తేదీకి ముందురోజు పరుగెత్తితే పని జరగదు.

పరిశోధన వైపు చూద్దాం. పూర్వం ఒక సిద్ధాంత గ్రంథం చూడాలంటే ఆ విశ్వవిద్యాలయ గ్రంథాలయానికే పోవలసి వచ్చేది. నేడు శోధ్‌గంగలో దేశమంతటి పరిశోధనలు లక్షల సంఖ్యలో ఎవరికైనా ఉచితంగా దొరుకుతున్నాయి. మన్యం భూముల మీద, ముస్లింల జీవనస్థితి మీద రాసినవి మన కార్యకర్తలు అందులో వెదకాలి, అర్జీలలో వాడుకోవాలి. అదే సాంకేతికత కాపలా కూడా కాస్తున్నది. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం సిద్ధాంత గ్రంథంలో పోలిక పది శాతం లోపుంటే దండన లేదు. నలభై దాటితే ఏడాదిపాటు తిరిగి సమర్పించరాదు. అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన తరువాత ఈ కాపలా మరింత చిక్కుపడింది. అడిగితే యంత్రమే వ్యాసం రాసిపెడుతున్నది, లేని పుస్తకాలను ఆధారాలుగా చూపిస్తున్నది కూడా. అధ్యాపకులు మళ్ళీ ఎదురుగా కూర్చోబెట్టి నోటితో అడగవలసి వస్తున్నది. మన మదర్సాలలో ఉస్తాదు చేసినది అదే.

యంత్రానువాదం మీద నాకు ఆశ ఉన్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో పుట్టింది. అంతకు ఏడాది ముందే దారుత్తర్జుమాను స్థాపించారు. ఆధునిక విజ్ఞానశాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చేందుకు పండితులు ఒక్కొక్క పారిభాషిక పదం మీద కూర్చొని వాదించుకున్నారు. నేడు హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వంటి సంస్థలు, కేంద్రం వారి భాషిణి ఆ పనిని యంత్రానికి నేర్పుతున్నాయి. ఏళ్ళు పట్టిన పని నిమిషాలలో అవుతున్నది. దిద్దడానికి ఆనాటి పండితులవంటివారు మాత్రం ఇప్పటికీ కావాలి. మరొక సంగతి. యంత్రం రాతలో ఉన్నదే నేర్చుకుంటుంది. రాత తక్కువైన కువి భాష దానికి ఎక్కడినుంచి వస్తుంది? 2019లో విజయనగరంలో ఏర్పడిన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఈ పని నెత్తికెత్తుకోవాలని కోరడంలో మనం ఆదివాసీ సోదరుల పక్కన నిలబడాలి.

పరికరాలు ఎన్ని వచ్చినా పరిశోధకుడు ముందు అన్నం తినాలి. మైనారిటీ పరిశోధకుల కోసం 2009లో మొదలైన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్పును ఇతర పథకాలతో కలిసిపోతున్నదని చెప్పి 2022 డిసెంబరులో నిలిపివేసినట్లు పార్లమెంటులోనే ప్రకటించారు. ఒకచేత్తో ఉచిత పాఠాలిచ్చి, మరోచేత్తో నెలకు వచ్చే భృతి తీసేస్తే ముందుకు పోయేదెవరు? దాని పునరుద్ధరణ కోసం ఈ సభ ఒక తీర్మానం చేయాలని నా ప్రతిపాదన.

దానితోపాటు మన చేతిలో ఉన్న పని కొంత ఉన్నది. సిగ్నలు బాగా అందేచోట ఒక గది, రెండు కంప్యూటర్లు, సాయంత్రం రెండు గంటలు ఆడపిల్లలకు వేరుగా సమయం, దగ్గరుండి చూసుకునే ఒక పెద్దమ్మ. పరీక్షల రోజున పట్టణానికి పోయే పిల్లల బస్సు ఛార్జీలకు కొంత నిధి. ఖర్చు లెక్క రాసి తెచ్చాను. సభ ముగిశాక కాగితం చేతులు మారనివ్వండి, ఎవరు ఏ పని తీసుకుంటారో ఎదురుగా పేరు రాయండి. ఇక ప్రశ్నలుంటే అడగండి.