గుడ్లు ఎక్కడ పెట్టాలి?



మిరప చేను చుట్టూ, వేరుశనగ చేను గట్ల వెంట ఆముదం వేయమని వ్యవసాయాధికారులు చెబుతుంటారు. "పురుగును పిలిచి మరీ విందు పెట్టడమేమిటండీ?" అని రైతు అడిగితే అందులో న్యాయం ఉంది. జవాబు పురుగు ముక్కులో ఉంది. ముక్కంటే ముక్కు కాదు లెండి, తలమీది మీసాలు.

పంటను తినేది లద్దె పురుగే అయినా, ఏ మొక్కను తినాలో తేల్చేది దాని తల్లి. గుడ్డులోంచి వచ్చిన పిల్ల దూరం పోలేదు. అందుకే రెక్కల పురుగు పొద్దుగూకాక బయల్దేరి, ఆకుల్లోంచి గాలిలో కలిసే వాసనలను మీసాలతో పసిగడుతుంది. వాలాక కాళ్లతో ఆకు రుచి చూస్తుంది. నచ్చితేనే గుడ్లు.

పొగాకు లద్దె పురుగుకు ఆముదమంటే మహా ఇష్టం. ఆకు తిరగేసి చూడండి, అడుగున గోధుమరంగు నూగు కప్పిన మచ్చ కనిపిస్తుంది. దాని కింద రెండు మూడు వందల గుడ్లుంటాయి. ఆ నూగు తల్లి తన పొట్ట చివరి నుంచి రాల్చి కప్పినదే. నాలుగైదు రోజుల్లో పిల్లలు బయటపడి, గుంపుగా పచ్చదనమంతా గీకేస్తే అది జల్లెడాకు అవుతుంది. అప్పటికైనా ఆ ఆకు తుంచి నాశనం చేస్తే వందల పురుగులు ఒక్క దెబ్బకు పోతాయి. తుంచకపోతే మన ఖర్చుతో పురుగును పెంచినట్టే. ఆముదం వేసి మరిచిపోయేవాళ్లు అసలు వేయకపోవడమే నయమని నా అభిప్రాయం.

టమాటాలో శనగపచ్చ పురుగుకు ఎర బంతి. 16 వరసల టమాటాకు ఒక వరస బంతి. బంతి నారు 40 రోజులది, టమాటా నారు 25 రోజులది నాటాలి, రెండూ ఒకేసారి పూతకు రావాలి గనక. క్యాబేజీలో ఆ పని ఆవాలు చేస్తాయి. చాలా పురుగులను తరిమే ఆవ ఘాటే డైమండ్ రెక్కల పురుగుకు పిలుపు.

వాసన పిలవడమే కాదు, పొమ్మంటుంది కూడా. అమెరికాలో పొగాకు మీద చేసిన పరిశోధన ఒకటి 2001లో వెలువడింది. లద్దె పురుగు కొరికిన మొక్క రాత్రిపూట మాత్రమే కొన్ని వాసనలు వదులుతుందట. వాటిని పసిగట్టిన తల్లి పురుగు అక్కడ గుడ్లు పెట్టకుండా పక్కకు తప్పుకుంటుంది. పిల్లల తిండికి అప్పటికే పోటీ ఉన్నచోట ఎందుకనేమో!

ఈ రమ్మనే వాసననూ పొమ్మనే వాసననూ కెన్యాలో ఒకే చేనులో వాడుతున్నారు. మొక్కజొన్న వరసల మధ్య డెస్మోడియం అనే తీగజాతి మొక్క, చేను చుట్టూ నేపియర్ గడ్డి. డెస్మోడియం వాసన కాండం తొలుచు పురుగుల తల్లిని చేను నుంచి తరుముతుంది. చీకటి పడిన తొలి గంటలో నేపియర్ వాసన ఒక్కసారిగా పెరిగి దాన్ని గట్టుకు లాగుతుంది. అక్కడ గుడ్లు పెట్టినా, కాండంలోకి తొలుచుకుపోయిన పిల్లల్లో చాలావరకు గడ్డి స్రవించే జిగటలో చిక్కి చస్తాయి. గడ్డీ డెస్మోడియమూ కోసి పశువులకు మేతగా వేస్తారు.